ఎవరితో కక్షలున్నాయి?

మా దాదాకు ఒక తుపాకీ ఉండేది. గుత్తికి దగ్గరి పల్లెలో ఆరెకరాల మెట్ట, అందులో వేరుశనగ. కాయ ఊరే రోజుల్లో గుట్టల మీంచి అడవిపందులు దిగి రాత్రికి రాత్రే చేనంతా తవ్విపోసేవి. పంది అన్న మాట నోటితో పలకడం ఇష్టంలేక "వో జాన్వర్" అనే మనిషి, ఆ జాన్వర్ కారణంగానే సర్కారుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ఇది 1960ల నాటి మాట. అడిగింది పెద్ద ఆయుధమేమీ కాదు. ఒంటి గొట్టం తుపాకీ, ముందు నుంచి మందు కూరి పేల్చేది. పంట కాపలాకు అలాంటిదాన్ని ఇవ్వవచ్చునని 1959 నాటి ఆయుధాల చట్టంలోనే ఉంది.

విచారణకు స్టేషన్ నుంచి హెడ్డు వచ్చాడు. అప్పటికి పదేళ్ళ పిల్లవాడైన మా అబ్బా ఈ ముచ్చట మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నులక మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. ఎన్నెకరాలు, ఏం పంట అన్న ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"ఏం సాయిబూ, నీకెవురితోనన్నా కక్షలుండాయా?"

"పందుల్తో తప్ప ఎవురితోనూ లేవు సార్."

హెడ్డు నవ్వాడు గాని ఆ జవాబుతో లేచిపోలేదు. రెడ్ల ఇళ్ళకు పోయి అడిగాడు, దళితవాడకు పోయి అడిగాడు, మసీదు ముత్తవల్లిని అడిగాడు, దాదాతో గట్టు తగాదా ఉన్న పక్క చేను ఆసామిని మరీ మరీ అడిగాడు. ఈ మనిషి చేతికి తుపాకీ ఇస్తే అది ఎవరి మీదికన్నా తిరుగుతుందా అన్నదే ఆ నాలుగు గడపల ప్రశ్న. లైసెన్సు వచ్చేసరికి ఆ ఏడు పంట పోయింది. మరుసటి ఏడు కరువు, పందులు కూడా రాలేదు.

అనంతపురం జిల్లాలో ఆ ప్రశ్నకున్న బరువు ఈ నేల మీద పుట్టినవాళ్ళకు విడిగా చెప్పనక్కరలేదు. ఊళ్ళు రెండుగా చీలి నాటుబాంబులు విసురుకున్న జిల్లా ఇది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాలి. కక్ష ఉన్నవాడి చేతికి ఆయుధం ఇచ్చినవాడికి కూడా ఆ చావులో భాగం ఉంటుందని ఇక్కడ చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది.

అందుకే ఆ ప్రశ్న చరిత్రను వెదకాలని మాకు అనిపించింది. ఆయుధం ఎవరి చేతికి పోవాలో, ఎవరి చేతికి పోకూడదో నిర్ణయించే అధికారం రాజ్యానిది. ఆ నిర్ణయం చేసేటప్పుడు అది ఎవరి మీద పేలుతుంది అన్న విచారణ ఎప్పుడు జరిగింది, ఎవరి విషయంలో జరగలేదు? ఆరెకరాల సాయిబును అడిగిన ప్రశ్నను, ఫిరంగులూ డ్రోన్లూ దేశాలు దాటించేవాళ్ళను ఎవరైనా అడిగారా?

అసలు మా జిల్లా కుంఫిణీ చేతికి వచ్చిందే ఆయుధాల ఖాతా కింద. హైదరాబాదులో ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అనే చోటుంది. ఉర్దూలో తోప్ కా సాంచా. ఇవాళ అక్కడ దిగేవాళ్ళు బ్యాంకు పని మీద దిగుతారు. 1786లో అక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టినవాడు నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్. ముస్లింలు ఆయన్ను మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. నిజాం చేతిలో సొంత ఫిరంగి ఉండటం, అదీ ఫ్రెంచివాడి చేత చేయించుకున్నది కావడం ఇంగ్లీషువాళ్ళకు నచ్చలేదు. 1798లో ఒప్పందం రాయించుకున్నారు. ఆ మార్చిలోనే రేమండ్ చనిపోయాడు. అక్టోబరులో దాదాపు 14 వేల మంది ఉన్న ఆయన దళాన్ని చుట్టుముట్టి నిరాయుధం చేశారు. ఆ స్థానంలో కుంఫిణీ సైన్యం దిగింది. దాని ఖర్చు నిజాం భరించాలి. రెండేళ్ళు తిరక్కుండానే, 1800 అక్టోబరు 12న, ఆ ఖర్చుకు శాశ్వతంగా బదులు కట్టాడు నిజాం. టిప్పుతో జరిగిన రెండు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలూ కర్నూలులో కొంతా రాసి ఇచ్చేశాడు.

దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. రాయలసీమ అన్న గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించేదాకా, ఇంకొకరి సైన్యం జీతాలకు జమకట్టిన నేలగానే మమ్మల్ని పిలిచారు. నిజాం ముస్లిం కాబట్టి ఆయన పాలన మాది అని గర్వపడమని చెప్పేవాళ్ళు మావాళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఆ పాదుషా మా ముత్తాతలను తుపాకుల బిల్లు కింద చెల్లువేసిన సంగతి వాళ్ళు చదువుకోలేదు కాబోలు.

వచ్చిన కలెక్టరు థామస్ మన్రో. ఆయన మొదట చేసిన పని లెక్కలు కట్టడమూ, దత్తమండలాల్లోని 80 మంది పాలెగాళ్ళ కోరలు పీకడమూను. కోటలు పడగొట్టారు, కట్టుబడి బంట్లను చెదరగొట్టారు, ఎదురు తిరిగినవాళ్ళను తరిమారు. పాలెగాళ్ళు పోయారని రైతు కంటతడి పెట్టి ఉంటాడని మేము అనుకోము, వాళ్ళ దౌర్జన్యం ఎరిగినవాడు కనుక. కాని ఆ నిరాయుధీకరణ రైతు ప్రాణం కోసం జరగలేదు. శిస్తు వసూలుకు ఇద్దరు అడ్డుండకూడదని జరిగింది. మన్రోను ఇవాళ్టికీ మంచివాడుగా తలుచుకుంటారు గుత్తిలో. మంచివాడే కావచ్చు. దస్త్రంలో మాత్రం ఆయుధం ఎవరిది అన్న ప్రశ్నే ఉంది, ఎవరి మీద అన్నది లేదు.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీదికి వచ్చిందీ ఈ ప్రశ్నే. కోటలో ఫిరంగులు పోయిస్తున్నాడు, మందుగుండు దాస్తున్నాడు అన్నది నేరారోపణ. సోదా చేస్తే దొరికాయి కూడా. అక్టోబరులో జోరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు. ఆ మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కుంఫిణీలో కలిసిపోయింది. అదే ఏడు హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను వహాబీ కుట్ర పేరుతో గోల్కొండలో బంధించారు. ముస్లిం చేతిలో ఆయుధం కనబడితే దాని వెనక కుట్ర ఉండే తీరాలి అన్న ఆలోచన మా ప్రాంతంలో ఎంత పాతదో ఈ రెండు సంఘటనలు చెబుతాయి. నవాబు ప్రజల మేలు కోరి ఆ ఫిరంగులు పోయించాడని మేము వాదించడం లేదు. ఆయుధాన్ని అనుమానించేవాడు తన ఆయుధాన్ని ఎన్నడూ అనుమానించడు అని మాత్రం గుర్తుచేస్తున్నాం.

ఆ తర్వాత ధాత కరువు. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువులో ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో బళ్ళారి జిల్లా ఒకటి. అనంతపురం అప్పటికి అందులోనిదే. విడి జిల్లా అయింది 1882లో. కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు పౌను ధాన్యం చాలునని రిచర్డ్ టెంపుల్ కొలతవేసిన రోజులవి. దేశం నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. వైస్రాయి లిట్టన్. ఆ 1878లోనే ఆయన ప్రభుత్వం రెండు చట్టాలు తెచ్చింది. ఒకటి దేశభాషల పత్రికల నోరు కట్టడానికి, రెండోది ఆయుధాల చట్టం. లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధం ముట్టరాదు. యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ ఆ నిబంధన లేదు. రెండు భాషల్లో రాసి బతికే మాబోటివాళ్ళకు ఆ రెండు చట్టాలూ ఒకే ఏట పుట్టడం యాదృచ్ఛికంగా తోచదు. ఆకలిగొన్నవాడి చేతిలో కత్తీ కలమూ రెండూ ఉండకూడదు, అంతే.

స్వతంత్ర భారతం ఆ చట్టాన్ని తీసేసి 1959లో కొత్తది చేసుకుంది. మంచి మార్పులే తెచ్చింది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదని అందులో ఉంది. ప్రజాశాంతికి, ప్రజల భద్రతకు ముప్పు అనిపిస్తే కాదనవచ్చు, కాదంటే కారణం రాతలో పెట్టాలి, అవసరమనుకుంటే ముందుగా విచారణ చేయించవచ్చు. మా దాదా గడపకు హెడ్డును తెచ్చింది ఈ నిబంధనే. మొదటిసారిగా చట్టం ఎవరి చేతిలో అన్నదానితో ఆగక, ఎవరి మీద అని కూడా అడిగింది.

కాని ఆ చట్టం రావడానికి పదకొండేళ్ళ ముందు ఆ ప్రశ్న అడగకపోవడం ఎంత ఖరీదైనదో తెలంగాణ, మరాట్వాడా, కన్నడ జిల్లాలు చూశాయి. ఇక్కడ కొంచెం నిలబడాలి. ఎందుకంటే 1948 గురించి మాట్లాడితే మావాళ్ళకు కోపం, మౌనంగా ఉంటే మనస్సాక్షికి కోపం.

అప్పటికి నూట యాభై ఏళ్ళుగా అనంతపురం ముస్లింలం నిజాం ప్రజలం కాదు. మద్రాసు రాష్ట్రం వాళ్ళం. అయినా బజారులో తగాదా వస్తే "రజాకార్ నాయాళ్ళు" అన్న తిట్టు మాకూ పడింది, ఆ తర్వాత రెండు తరాలు పడుతూ వచ్చింది. కనుక ఆ లెక్క మాది కాదని తప్పించుకునే వీలు లేదు.

1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం జరిగింది. సిరా ఆరకముందే రెండు పక్షాలూ ఫిర్యాదులు మొదలుపెట్టాయి. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయలు అప్పుగా ఇచ్చారని ఇండియా, తన సైన్యానికి రావలసిన ఆయుధాలు ఆపేశారని హైదరాబాద్. ఆయుధాల మీద నిషేధం క్రమంగా సరుకుల దిగ్బంధంగా మారింది. పెట్రోలు, మందులు, చివరకు తాగునీళ్ళలో కలిపే క్లోరిన్ కూడా రానివ్వడం లేదని నిజాం ప్రభుత్వం మొరపెట్టుకుంది. అప్పుడు రంగంలోకి దిగాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ విమానాల వ్యాపారి. బాంబర్ల నమూనా మీద తయారైన లాంకాస్ట్రియన్ విమానాల్లో 1948 నడిమి నెలల్లో కరాచీ నుంచి రాత్రిపూట బయలుదేరి, బీదరు, వరంగల్ విమానాశ్రయాల్లో తుపాకులు దించిపోయాడు. తెలుగు నేల మీద ఆధునిక కాలపు ఆయుధాల దొంగరవాణా కథ ఇదే. ఆయన మీద బ్రిటన్‌లో కేసు నడిచింది. శిక్ష 200 పౌన్ల జరిమానా. దిగిన తుపాకుల వల్ల ఎవరు చచ్చారు అని ఆ కోర్టు అడిగిందా? విమానం అనుమతుల సంగతి తేల్చి పంపించేసింది.

ఆ తుపాకులు ఎవరి చేతుల్లోకి పోయే అవకాశం ఉందో 1948 ఆగస్టుకు దాచిపెట్టే విషయం కాదు. ఆ నెల చివర బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి గ్రామస్థులను వరసబెట్టి చంపారు. అదే నెలలో హైదరాబాదు నగరం నడిబొడ్డున షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. ముస్లిం. హైదరాబాద్ ఇండియాలో కలవాలని ఉర్దూలో రాసినందుకు రాసిన చేయి నరికారు. ఉర్దూ పాత్రికేయులుగా మాకు వారసత్వం అంటూ ఉంటే ఆ చేతి నుంచే ఉంది. కాసిం రజ్వీ నుంచి కాదు. కనుక రజాకార్లకు ఆయుధాలు అందకుండా అడ్డుకోవడం న్యాయమే అని మేము ఏ ముషాయిరాలోనైనా నిలబడి చెబుతాం. క్లోరిన్ ఆపడం న్యాయం కాదు అని కూడా అదే గొంతుతో చెబుతాం. తుపాకీని ఆపడం ఒకటి, తాగేనీళ్ళను ఆపడం ఇంకొకటి.

సెప్టెంబరు 13న సైన్యం దిగింది, 17కు నిజాం లొంగిపోయాడు. తర్వాతి వారాల్లో జరిగింది తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం ఒక సౌహార్ద బృందాన్ని పంపింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. అబ్దుల్ గఫార్ కూడా హైదరాబాదులో 'పయామ్' నడిపిన ఉర్దూ సంపాదకుడే. చాలా తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళు తేల్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. సైన్యం చాలాచోట్ల ముస్లింలను కాపాడిందని రాశారు. కొన్నిచోట్ల సైనికులే మగవాళ్ళను బయటికి తీసి చంపారని కూడా రాశారు. మా ప్రశ్నకు నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటి అందులో ఉంది. ముస్లిం గ్రామస్థుల ఆయుధాలు ఊడబెరికారు, హిందువుల చేతుల్లోవి తరచు అలాగే వదిలేశారు.

ఆ ఊళ్ళలో ఏ హెడ్డూ గడప గడపకూ పోయి కక్షలున్నాయా అని అడగలేదు. నిజాం కాలమంతా పేరుకున్న కక్షలు కళ్ళెదుటే ఉన్నా, ఒక చేతిలోది తీసుకుని ఇంకో చేతిలోది వదిలేశారు. సుందర్‌లాల్ నివేదిక 2013 దాకా జనం కంటబడలేదు. అరవై అయిదేళ్ళు. ఈలోపు చూసినవాళ్ళు పోయారు, చంపినవాళ్ళూ పోయారు.

ఆయుధం అమ్మేవాడికి కూడా ఆ హత్యలో భాగం ఉంటుందన్న మాట ప్రపంచ వేదిక మీద గట్టిగా వినిపించిన దేశాల్లో మనదీ ఒకటి. దక్షిణాఫ్రికాలో మన కూలీల బిడ్డల మీద, అందులో నేటాల్ చెరకు తోటల తెలుగువాళ్ళ మీద కూడా, జాతి చట్టాలు రుద్దుతున్నారని 1946లోనే ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్నాం. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపినప్పుడు అక్కడ నిలబడ్డ సారసెన్ కవచ వాహనాలు బ్రిటన్ నుంచి వచ్చినవి. 1977లో భద్రతామండలి దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మరాదని తప్పనిసరి నిషేధం పెట్టింది. అలాంటి నిషేధం కావాలని ఏళ్ళ తరబడి అడిగిన గొంతుల్లో మనదీ ఉంది.

2013 ఏప్రిల్ 2న ఆయుధ వ్యాపార ఒప్పందం ఐక్యరాజ్యసమితి ముందుకు వచ్చింది. ఎగుమతి చేసే దేశం ముందుగా ఆలోచించాలి, ఈ ఆయుధంతో మానవ హక్కులకు, యుద్ధ నియమాలకు తీవ్రమైన ఉల్లంఘన జరిగే ప్రమాదం ఎక్కువగా ఉంటే అనుమతి ఇవ్వకూడదు అంటుంది దాని ఏడో అధికరణం. మా ఊరి హెడ్డు భాషలో చెప్పాలంటే, కొనేవాడికి కక్షలున్నాయా? 154 దేశాలు సరేనన్నాయి. ఇండియా ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది. అమ్మే దేశాలకు కొనే దేశాల మీద పెత్తనం ఇస్తోందని, ఉగ్రవాద ముఠాల సంగతి గట్టిగా లేదని కారణాలు చెప్పింది. అప్పటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఆయుధాలు కొంటున్న దేశం మనదే. కొనేవాడి అనుమానం మాకు అర్థమవుతుంది. ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళంతా సత్యసంధులేమీ కాదు. గాజా మీద యుద్ధం సాగుతుండగా బ్రిటన్ 2024 సెప్టెంబరులో 350 లైసెన్సుల్లో 30 దాకా ఆపి, ఎఫ్-35 విమానాల విడిభాగాలకు దారి వదిలేసింది.

కాని ఇప్పుడు మనం కొనేవాళ్ళమే కాదు, అమ్మేవాళ్ళం కూడా. 2023-24లో దేశం నుంచి రక్షణ ఎగుమతులు 21,083 కోట్ల రూపాయలు, మరుసటి ఏడు 23,622 కోట్లు. ఈ ఎగుమతులకు 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం ఉంది, స్కోమెట్ అనే జాబితా ఉంది, యుద్ధ సామగ్రికి రక్షణ ఉత్పత్తి విభాగం అనుమతి ఉండాలి. అనుమతికి చూడవలసినవి రాసిపెట్టారు. కొనేవాడి విశ్వసనీయత, చివరికి వాడేదెవరో చెప్పే హామీపత్రం, ఉగ్రవాదుల చేతికి చిక్కే ప్రమాదం, దేశ భద్రత, విదేశాంగ లక్ష్యాలు, మనం ఒప్పుకున్న ఒడంబడికల బాధ్యతలు. మానవ హక్కులు అన్న మాట ఆ వరసలో విడిగా కనబడదు. చట్టాలకు ఆ మాట తెలియక కాదు. రక్షణ పరిశోధన సంస్థను సమాచార హక్కు నుంచి మినహాయించిన సెక్షనులోనే, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదని రాసుకున్నారు.

దీన్ని కాగితాల గొడవ అనుకునేవాళ్ళు ఒకసారి హైదరాబాదు బాలాపూర్ వెళ్ళాలి. అక్కడ టార్పాలిన్ కప్పిన గుడిసెల్లో రోహింగ్యాలు ఉంటారు. 2017 ఆగస్టు 25 తర్వాత బర్మా సైన్యం తగలబెట్టిన ఊళ్ళ నుంచి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందరి దాడుల్లో, ఆ తర్వాత వచ్చినవాళ్ళు కొన్ని వేల మంది మన నగరానికి చేరారు. బాలాపూర్‌కు పక్కనే కంచన్‌బాగ్. అక్కడ 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్ ఉంది. విశాఖపట్నం నౌకాదళ ప్రయోగశాలలో రూపుకట్టి, ఈ సంస్థ తయారుచేసిన శ్యేన టార్పెడోలు బర్మాకు అమ్మడానికి 3.79 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది ఆ 2017లోనే. మొదటి విడత 2019 జూలైలో పోయింది. టార్పెడోతో గుడిసెలు తగలబెట్టలేరు, నిజమే. అది సముద్రంలో పనికివచ్చేది. ఈ వ్యత్యాసం మేము మరచిపోవడం లేదు. కాని ఇల్లు తగలబెట్టినవాడి ఆయుధశాలకు అదే ఏడు మనం సరుకు బేరం చేశామన్న సంగతి మరచిపోవడమూ కుదరదు. 2019లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం బర్మా సైన్యానికి ఆయుధాలు ఇచ్చిన ఏడు దేశాల పేర్లు చెప్పింది. అందులో ఇండియా ఉంది. 2021 తిరుగుబాటు తర్వాత ఆయుధాలు పోకుండా చూడమని జనరల్ అసెంబ్లీ తీర్మానిస్తే మళ్ళీ తటస్థం. ఆ తిరుగుబాటు తర్వాత మన దేశపు సంస్థల నుంచి 5.1 కోట్ల డాలర్ల సరుకు పోయిందని 2023 మేలో ఐరాస ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ లెక్క చెప్పారు.

ఒకే ఊళ్ళో ఒక చివర ఆయుధం తయారవుతుంది, ఇంకో చివర ఆ ఆయుధం కొన్నవాడి నుంచి పారిపోయి వచ్చినవాడు ప్లాస్టిక్ సీసాలు ఏరుకుంటాడు. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను వెనక్కి పంపకుండా ఆపమని అడిగితే సుప్రీం కోర్టు ఆపలేదు. సరుకుకు అనుమతి, మనిషికి అనుమానం.

గాజా సంగతి అందరికీ తెలిసిందే, పొడిగించము. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్, అదానీ కలిసి 2018 డిసెంబరులో హైదరాబాదులో డ్రోన్ల కార్ఖానా తెరిచాయి. ఇజ్రాయెల్ బయట హెర్మెస్-900 తయారయ్యే మొదటి చోటు అని అప్పుడు గొప్పగా చెప్పారు. అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు 20 డ్రోన్లు పోయాయని 2024 ఫిబ్రవరిలో వార్త వచ్చింది. మారణహోమ నిషేధ ఒడంబడిక బాధ్యతలు నెరవేర్చమని అంతర్జాతీయ న్యాయస్థానం ఇజ్రాయెల్‌ను ఆదేశించింది అంతకు ముందు నెలలోనే. ఆ ఒడంబడికను మనం 1959లో ఆమోదించాం, ఆయుధాల చట్టం చేసుకున్న ఏటనే. ఇజ్రాయెల్‌కు ఆయుధ లైసెన్సులు రద్దు చేయమని ఒక మాజీ దౌత్యాధికారితో సహా 11 మంది సుప్రీం కోర్టుకు పోతే, 2024 సెప్టెంబరు 9న పిటిషన్ కొట్టేశారు. విదేశాంగ విధానం ప్రభుత్వం చూసుకోవలసింది, కంపెనీల కాంట్రాక్టులు దెబ్బతింటాయి, ఇజ్రాయెల్ సర్వసత్తాక దేశం అన్నారు. కోర్టు పరిమితులు కోర్టుకు ఉండవచ్చు. కాని స్టేషనులో అడిగే ప్రశ్న సెక్రటేరియట్‌లో అడగరు, కోర్టులోనూ అడగనివ్వరు అంటే అది ఎక్కడ అడగాలి?

మాలో మేము కూడా ఒకటి అడుక్కోవాలి. గాజా కోసం జుమ్మా తర్వాత చేతులెత్తి దువా చేసిన మసీదుల్లో, 2015 నుంచి సౌదీ కూటమి విమానాలు యెమెన్ మీద బాంబులు వేస్తుంటే ఎందరు చేతులెత్తారు? ఆ బాంబులు అమ్మిందీ అమెరికా, బ్రిటనే. చచ్చిందీ కలిమా చదివే పిల్లలే. వేసినవాడు హరమైన్‌కు ఖాదిమ్ కాబట్టి మనం నోరు మెదపలేదు. చంపేవాడి మతం చూసి ప్రశ్న మార్చుకుంటే, రేమండ్ ఫిరంగులు చూసి ఉలిక్కిపడిన కుంఫిణీకీ మనకూ తేడా లేదు.

ఇక మా జిల్లా. గోరంట్ల మండలం పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్‌కు 914 ఎకరాలు ఇచ్చారు. జిల్లాల విభజన తర్వాత 2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది గాని, నేల అదే నేల, వాన అదే వాన. ఫ్యాక్టరీ వద్దని మేము అనలేము. వేరుశనగ ఎండిపోయి బెంగళూరులో సెంట్రింగ్ పనికీ, కేరళలో బిచ్చానికీ పోయిన ఊళ్ళ పిల్లలు ఆ గేటు ముందు బయోడేటా పట్టుకుని నిలబడితే వద్దని చెప్పే నోరు మాకు లేదు. రాడారు దేశానికి కావాలి, జీతం ఆ పిల్లవాడికి కావాలి. కాని కరువు చూపించి ప్రశ్నను నోటికి రాకుండా చేయడం ఈ నేలకు కొత్త కాదు. లిట్టన్ చేసిందీ అదే.

కిందటి ఏడు అనంతపురం వెళ్ళినప్పుడు హైదరాబాదు డ్రోన్ల కేసు వార్త అబ్బాకు చదివి వినిపించాం. ఆయనకు చూపు ఆనదు. దాదా పోయాక తుపాకీ స్టేషన్లో అప్పజెప్పిన రసీదు, లైసెన్సు పుస్తకం, రెండూ ట్రంకుపెట్టెలో ఇప్పటికీ గుడ్డలో చుట్టి ఉంచారు. వార్త మొత్తం విని, డ్రోన్ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకుని, కాసేపు తస్బీ తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత అడిగారు.

"కౌన్సే ఠాణేవాలే జాకో పూఛే బేటా?"

ఏ స్టేషన్ వాళ్ళు పోయి విచారించారు అని. ఎవరూ పోలేదు అబ్బా అన్నాం. పక్క చేను ఆసామిని కూడా అడగలేదా అన్నారు.